దొరకని కొద్దీ పెరిగిన కంచె

2006 ఫిబ్రవరిలో నన్ను, ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే హైదరాబాదు హెర్బేరియం నుంచి పాల్వంచకు పంపారు. అప్పటికి నా హోదా సీనియర్ బొటానికల్ అసిస్టెంట్. ఉత్తర్వులో పని ఒక్క వాక్యంలో ఉంది. ములకలపల్లి అడవిలోని పిట్టగుట్ట మీద వాక్సినియం ప్రజాతికి చెందిన మొక్కను సజీవంగా గుర్తించి, అటవీ శాఖతో కలిసి ఉమ్మడి పరిశీలన నివేదిక ఇవ్వాలి. మా సెక్షన్‌లో అందరూ వచ్చి అభినందించారు. నాకు మాత్రం నడి ఎండాకాలంలో వైరా రిజర్వాయరుకు వెళ్లి మంచుగడ్డ వెతికి తెమ్మన్నట్టు అనిపించింది. అలా ఎందుకు అనిపించిందో తెలియాలంటే ముందు ఆ మొక్క సంగతి తెలియాలి.

వాక్సినియం ఎరికేసీ అనే కుటుంబంలోని పొదల ప్రజాతి. కుటుంబం పేరు తెలియకపోయినా దాని సభ్యుల్ని చాలామంది చూసే ఉంటారు. హిమాలయాల ఫోటోల్లో కొండంతా ఎర్రగా పూసి కనిపించే రోడోడెండ్రాన్ ఈ కుటుంబానిదే. ఇప్పుడు పట్నం దుకాణాల్లో చిన్న డబ్బాల్లో అమ్మే బ్లూబెర్రీ సరిగ్గా ఈ ప్రజాతికి చెందినదే. ఈ కుటుంబానికి గారాబం ఎక్కువ. చల్లటి కొండలు కావాలి, పొగమంచు కావాలి, కుళ్లిన ఆకులతో మెత్తబడిన పుల్లని నేల కావాలి. వేర్లు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, వాటికి తోడుగా ఒక రకం శిలీంధ్రం ఉంటేనే తిండి సరిగా అందుతుంది. దక్షిణాదిలో నీలగిరుల వంటి ఎత్తైన చోట్ల వాక్సినియం హాయిగా పెరుగుతుంది. ఖమ్మం జిల్లాలో మే నెల మధ్యాహ్నం కాకులు కూడా చేతిపంపు దగ్గర వరస కడతాయి. అక్కడ ఈ మొక్క పెరగడమంటే పెళ్లికొడుకు బట్టల్లో వచ్చి బొగ్గుగనిలో దిగడమే.

అయినా మా హెర్బేరియంలో ఒక షీటు ఉంది. దాని మీద కాయలున్న వాక్సినియం కొమ్మ, కింద లేబుల్ మీద పిట్టగుట్ట పేరు, సేకరించినవారి పేరు, డాక్టర్ పరాంకుశం గారు, మా విభాగాధిపతి.

పరాంకుశం గారి గురించి నాకు ఇప్పటికీ గౌరవమే. ముప్పై ఏళ్లు ఆ ఒక్క ప్రజాతినే పట్టుకుని కూర్చున్న మనిషి. వాక్సినియం ఆకు వాసన చూసి జాతి పేరు చెప్పగలరని మేము అనుకునేవాళ్లం, ఆయన కూడా అలాగే అనుకునేవారు. మరుసటి ఏడాది రిటైర్ కాబోతున్నారు. తెలుగు నేల మీద, అదీ గోదావరి ఒడ్డు అడవిలో, తన మొక్కను తానే కనుగొన్నానని రాసి దిగిపోవాలని ఆయన కోరిక. భద్రాద్రి రాముడి మీద ఆయనకున్న భక్తి కూడా ఇందులో కలిసింది. స్వామి పాదాల దగ్గరే తన మొక్క ఉండటం దైవసంకల్పమని ఒకసారి నాతో అన్నారు. దైవసంకల్పానికి వ్యతిరేకంగా నోట్ పెట్టే అధికారం నా గ్రేడుకు లేదు.

ఆ కొమ్మ ఎలా వచ్చిందో నాకు దాదాపుగా తెలుసు. మా పనిలో కోసిన కొమ్మను కాగితాల మధ్య పరిచి, చెక్క పలకల ప్రెస్‌లో బిగించి కడతాం. కాగితాలు తేమ పీల్చుకుంటాయి. రోజూ వాటిని మార్చి, తడిసినవి ఎండలో ఆరేసి మళ్లీ వాడతాం. 2004 డిసెంబరులో పరాంకుశం గారు నీలగిరుల టూరు చేశారు. అక్కడి నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా జనవరిలో నేరుగా పాల్వంచ వచ్చారు. ఆ టూరులో నేనూ ఉన్నాను. నీలగిరులకు వెళ్లిన ప్రెస్ అదే, కాగితాలు అవే. ఆకుల జిగురుకు అంటుకుని ఒక కొమ్మ ఏ కాగితం మడతలోనో ఉండిపోతే, దానికి రైలు టికెట్ అక్కర్లేదు. పైగా ఆయనకొక అలవాటు. కొమ్మ కోసిన చోటే చీటీ కట్టమని పుస్తకాలు చెబుతాయి. ఆయన మాత్రం కట్ట విప్పేటప్పుడు వరసను బట్టి ఆఫీసులో కూర్చుని లేబుళ్లు రాసేవారు. వరస గుర్తుండే జ్ఞాపకశక్తి తనకుందని ఆయన నమ్మకం.

షీటు తయారై నా బల్ల మీదికి వచ్చినప్పుడు భూతద్దం పెట్టి చూశాను. కొమ్మ బెరడు మీద గడ్డంలా వేలాడే లైకెన్ పోగులు ఉన్నాయి. తేమగాలి ఆడే కొండల మీద చెట్లకు అలాంటి గడ్డాలు వేలాడతాయి. పిట్టగుట్ట మీద చెట్లన్నీ నున్నగా గీసుకుని ఉంటాయి. 2005 నవంబరులోనే ఆయన గదికి వెళ్లి, సార్, ప్రెస్‌లో పాత కొమ్మ కలిసిపోయి ఉండొచ్చేమో అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

“అమ్మా సలోమీ, ఈ మొక్కను నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. నువ్వు సర్వీసులో చేరి ఎన్నేళ్లయింది?”

జవాబు అక్కర్లేని ప్రశ్న. 

హెర్బేరియంలో ఒక కట్టుబాటు ఉంది. పాత లేబుల్ ఎంత తప్పైనా చింపకూడదు, కొట్టివేయకూడదు. తప్పని తోచిన వృక్షశాస్త్రవేత్త ఒక చిన్న చీటీ మీద తన అభిప్రాయం రాసి, సంతకం, తేదీ వేసి పక్కన అంటిస్తారు. దాన్ని డిటర్మినేషన్ స్లిప్ అంటారు. నియమం ప్రకారం ఎవరైనా అంటించవచ్చు. కానీ ఏటా నా పనితీరు మీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే పెద్దాయన షీటు మీద నేను చీటీ అంటించడం, బడి ప్రార్థన వేళ హెడ్మాస్టరు చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నారని మైకులో చెప్పడం లాంటిది. కాబట్టి ఊరుకున్నాను. షీటు అల్మరాలో పడి ఉంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

నష్టం ఎవరికో పాల్వంచ వచ్చాక తెలిసింది. పరాంకుశం గారు అటవీ శాఖకు అప్పటికే లేఖ రాశారు. అరుదైన మొక్క గనుక పిట్టగుట్ట తూర్పు వాలును పరిరక్షణ ప్లాటుగా ప్రకటించి ముళ్లకంచె వేయాలని అందులో కోరారు. ఆ శాఖ డివిజన్ అధికారి, అంటే డీఎఫ్ఓ, సానుకూలంగా స్పందించి, ఉమ్మడి నివేదిక రాగానే వానాకాలానికి ముందే పని మొదలు పెట్టమన్నారు. సిమెంటు స్తంభాలు గుట్ట కింద దిగిపోయాయి కూడా. ఆ గుట్టను ఆనుకుని ఒక కోయగూడెం ఉంది. తూర్పు వాలు నిండా తునికి పొదలు. ఏప్రిల్, మే నెలల్లో గూడెం మొత్తం తునికాకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లంలో ఆరబెట్టి అప్పజెబుతారు. బీడీలు చుట్టేది ఈ ఆకుతోనే. ఆ రెండు నెలల పని పోతే వాళ్లకు ఏడాది గడవదు. మిగతా గుట్టల మీద తునికి ఉంది గానీ వాటికి వేరే గూడేలు ఉన్నాయి.

ఆ రేంజ్ ఆఫీసర్ యాదగిరి గారు పొట్టిగా, కంగారుగా ఉండే మనిషి. మంచివాడు. పైనుంచి వచ్చిన కాగితాన్ని ఎంత భయంగా చూస్తారో, కింద నుంచి వచ్చే మాటను కూడా అంతే భయంగా వింటారు. నన్ను గూడేనికి తీసుకెళ్లిన రోజున అందరి తరఫునా పాయం సమ్మక్క మాట్లాడింది. యాభై ఏళ్ల మనిషి, ఆకు కోతలో ఆడవాళ్ల జట్టుకు పెద్ద. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుని, నాతో తెలుగులో చెప్పేవారు. మొక్క ఎలా ఉంటుందో చెప్పమంది. నేను ఓపికగా చెప్పాను. మనిషి నడుమంత పొద, మందంగా గట్టిగా ఉండే ఆకు, చిన్న కుండలా మూతి ముడుచుకున్న తెల్లటి పువ్వు, గుండ్రటి కాయ.

“అవ్ మేడమ్, ఉన్నది. పొద్దుగాల తెస్తం,” అంది సమ్మక్క.

 ముప్పై ఏళ్ల అనుభవమున్న పెద్దాయన మాటే నిజమై, నా లైకెన్ గడ్డమే అబద్ధమేమో అనిపించింది. తెల్లారి చూస్తే నేను దిగిన గెస్ట్ హౌస్ వాకిట్లో కొమ్మల కుప్ప. అన్నీ తునికి కొమ్మలు. గూడెంలోని ప్రతి ఇంటివారూ తలా ఒకటి తెచ్చారు. మొగ్గలు ఇంకా చిన్నవే గానీ రూపం తెలుస్తోంది. మందపు ఆకు, కుండ మూతి, నిరుటి గుండ్రటి కాయ. నేను చెప్పిన వర్ణనకు అక్షరాలా సరిపోయింది. సమ్మక్క నా ముఖం చూసి, “నువ్వు చెప్పినట్టే ఉన్నది గదా? ఏం తక్కువైంది?” అని అడిగింది.

తక్కువ వాళ్లది కాదు, నా వర్ణనది. తేడా చెప్పాల్సి వచ్చింది. వాక్సినియం పువ్వులో అండాశయం కింద ఉంటుంది, కాబట్టి కాయ పండాక రక్షకపత్రాల గుర్తు దాని నెత్తిన కిరీటంలా మిగులుతుంది. తునికిలో అండాశయం పైన ఉంటుంది, కాయ ఆ రక్షకపత్రాల మీద పీట వేసుకున్నట్టు కూర్చుంటుంది. ఇంకో తేడా కేసరాల్లో. వాక్సినియం పరాగకోశాల కొనకు రంధ్రాలుంటాయి, ఉప్పు డబ్బా వంచినట్టు పుప్పొడి వాటిలోంచి రాలుతుంది. తునికి పరాగకోశం నిలువునా పగులుతుంది. ఇదంతా విని సమ్మక్క, నెత్తిన టోపీ ఉంటే మీదీ, కింద పీట ఉంటే మాదీ అన్నమాట అంది. నేను రాసిన గుర్తింపు పట్టికలన్నిటి కంటే అది పొట్టిగా ఉంది. ఆ తర్వాత నా శిక్షణ తరగతుల్లో ఆ మాటే వాడుకున్నాను.

మార్చి అంతా గుట్ట గాలించాం. నేను, యాదగిరి గారు, బీటు గార్డులు, సమ్మక్క జట్టు. టోపీ పెట్టుకున్న కాయ ఒక్కటీ కనపడలేదు. మొక్క కనిపించలేదని నివేదిక పంపి, ఇక పని అయిపోయిందనుకుని నేను పెట్టె సర్దుకున్నాను. వారంలో పరాంకుశం గారి జవాబు వచ్చింది. ఇంత వెతికినా కనపడలేదంటే అది అనుకున్నదానికంటే అరుదైనదని రుజువైందట. కాబట్టి తూర్పు వాలు ఒక్కటే చాలదు, పడమటి వాలుకూ కంచె వేయాలి.

ఏప్రిల్‌లో మళ్లీ వెతికాం. మళ్లీ లేదని రాశాను. ఈసారి జవాబులో ‘అంతరించే దశలో’ అన్న మాట వచ్చింది. గుట్ట మొత్తం కంచెలోకి వెళ్లింది, చుట్టూ కందకం కూడా చేరింది. ఆ లేఖ చదివి యాదగిరి గారు రుమాలుతో ముఖం తుడుచుకున్నారు.

“మేడమ్, మీ కాళ్లు మొక్కుత. ఇంకోపారి దొరకలేదని రాయకండ్రి. రాస్తే మా రేంజ్ ఆఫీసు గూడ కంచెలకు పోతది.”

సమ్మక్కకు సంగతి చెప్పాల్సిన పని నా మీదే పడింది. ఆకు కోత అప్పటికే మొదలైంది. ఆమె ఒళ్లో ఆకులు పెట్టుకుని కట్టలు కడుతూనే విన్నది.

“అంటే దొరికితే కంచె, దొరకకపోతే పెద్ద కంచె. ఇదేం లెక్క మేడమ్?”

 ఆమే ఒక ఉపాయం చెప్పింది. “సచ్చిపోయిందని రాయరాదు?”

అప్పుడు అది చచ్చిన చోటని బోర్డు పెట్టి, దాని చుట్టూ కంచె వేస్తారని చెప్పాను. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. సమ్మక్క నవ్వలేదు. ఈ యేడు కోసుకుంటం, వచ్చే యేడు ఏం కోసుకోవాలె అని అడిగింది. కోపంగా కూడా అడగలేదు. రేపు బస్సు ఎన్ని గంటలకు అన్నట్టు అడిగింది. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది, దానికంటే ఎక్కువగా ఒళ్లు మండింది. ఒక కొమ్మ పాత కాగితానికి అంటుకున్నందుకు ఒక గూడెం మెతుకు పోవడమేమిటి? చీటీ నేనే అంటించేద్దామని ఆ సాయంత్రం గట్టిగా అనుకున్నాను. కానీ నా చీటీతో కంచె ఆగదని తెల్లారేసరికి అర్థమైంది. ఆయన ఇంకో చీటీ అంటిస్తారు. అంతకంటే పెద్ద పేరుతో, పెద్ద సంతకంతో. డీఎఫ్ఓ ఎవరి చీటీ చూస్తారో చెప్పాల్సిన పని లేదు. ఆ కంచెను ఆపగలిగింది దాన్ని అడిగిన చెయ్యి ఒక్కటే.

అప్పుడు నేను జీవితంలో రాసిన అత్యంత వినయపూర్వకమైన లేఖ రాశాను. సార్, లోపం మొక్కలో లేదు, మా కళ్లలో ఉంది. వాక్సినియంను గుర్తుపట్టే చూపు ఇక్కడ ఎవరికీ లేదు. మీరు ఒక్కసారి వచ్చి, గుట్ట మీదే నిలబడి, ఆ షీటు చేతిలో పట్టుకుని మా అందరికీ ఆ ప్రజాతి గురించి పాఠం చెబితే, వెతికేవాళ్లకు కళ్లు వస్తాయి. ఎండ కాస్త ఎక్కువే గానీ, మే నెలలో భద్రాచలంలో రద్దీ తక్కువ, స్వామి దర్శనం ప్రశాంతంగా జరుగుతుంది. ఆ లేఖలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని ఇది చదివేవారు గమనించాలి. ఆదివారం ప్రార్థనకు వెళ్లే మనిషిని, అబద్ధాలు రాయను.

ఆయన రానే వచ్చారు. మే రెండో వారం. దర్శనం అయింది, ప్రసాదం అయింది. యాదగిరి గారు పొద్దున ఆరింటికే జీపు పెడతానన్నారు. ఎండకు ముందే గుట్ట ఎక్కించడం మర్యాద అని ఆయన ఉద్దేశం. సార్‌కు టిఫిన్ లేకుండా ఎలా, టిఫిన్ అయ్యాక కాఫీ లేకుండా ఎలా అని నేను ఆపాను. గూడెంలో సమ్మక్క చల్ల ఇచ్చింది, మళ్లీ ఇచ్చింది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. చెప్పకుండానే ఆమెకు అర్థమైందని రెండో గ్లాసుతో నాకు తెలిసింది. మేము గుట్ట ఎక్కడం మొదలుపెట్టేసరికి సూర్యుడు నెత్తికి వస్తున్నాడు. ఒక కుర్చీ, ఒక గొడుగు, రెండు బిందెల నీళ్లు పైకి మోయించాను. ఆయన ఆరోగ్యం నాకు ముఖ్యం. నాకు కావాల్సింది ఆయనకు ఎండ తెలియడం మాత్రమే, దెబ్బ తగలడం కాదు.

పైన నీడ ఇచ్చేది పెద్ద తునికి చెట్టు ఒక్కటే. దాని కింద కుర్చీ వేశాం. గార్డులు, ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. పరాంకుశం గారు షీటును రెండు చేతులా ఎత్తి పట్టుకుని పాఠం మొదలుపెట్టారు. ఎంత బాగా చెప్పారని! కుటుంబం నుంచి ప్రజాతికి, ప్రజాతి నుంచి జాతికి మెట్లు దిగినట్టు దిగారు. కిరీటం ఉన్న కాయ చూపించారు. సమ్మక్క “టోపీ” అని పక్కవాళ్లకు కోయలో చెప్పింది, అందరూ తలలూపారు. ఆయనకు హుషారు వచ్చింది. నేను భక్తిగా, సార్, ఈ మొక్క ఎలాంటి చోట ఉంటుందో కూడా చెబితే వెతకడానికి వీలవుతుంది అన్నాను.

“అదే ముఖ్యం!” అన్నారు ఆయన. “ఈ ప్రజాతికి వేసవి వేడి సరిపడదు. వేర్లు సుకుమారం. ఎప్పుడూ చల్లగా, తడిగా ఉండే నేల కావాలి. చేత్తో పట్టుకుంటే పిండిన స్పాంజిలా ఉండాలి. ఇదిగో, ఇలా...”

చూపించడానికి కుర్చీలోంచి వంగి నేల మీది మట్టి గుప్పిటతో తీశారు. మే నెల మధ్యాహ్నపు మొరం. “అబ్బా” అని వదిలేశారు. యాదగిరి గారు నీళ్లు తెచ్చి ఆయన చేతి మీద పోశారు. ఆ నీళ్లు రాయి మీద పడి, మేము చూస్తుండగానే ఆరిపోయాయి.

 పరాంకుశం గారు చెయ్యి ధోతీకి తుడుచుకుని, జేబులోంచి భూతద్దం తీసి, షీటు మీద కొమ్మ బెరడును చూడటం మొదలుపెట్టారు. చాలాసేపు చూశారు. తర్వాత తల ఎత్తి చుట్టూ ఉన్న చెట్ల బెరళ్లను ఒక్కొక్కటిగా చూశారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు ఏ కొంటెతనమూ మిగల్లేదు. ఆయన ముఖం చూస్తే, ముప్పై ఏళ్లు ఈ మొక్కనే చదివిన మనిషి చేత ఇంతమంది ముందు ఇలా చెప్పించానే అని జాలేసింది.

“ఈ గుట్ట మీద ఊట ఏదైనా ఉందా?” అని అడిగారు చివరికి. గొంతులో ఇంకా ఆశ ఉంది. ఊట పక్కన, రాతి నీడలో, ఒక చిన్న చల్లని మూల ఉంటే చాలు. అక్కడ ఆ మొక్క ఉండే అవకాశం ఉందని ఆయన రాస్తారు. రాస్తే కంచె ఖాయం. 

“ఉన్నది సారు. రాండ్రి, చూపిస్త,” అంది సమ్మక్క.

ఆమె లేదని అనలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే లేదనేదాన్నేమో. ముందు ఆమె, వెనక ఆయన, ఆయన వెనక గొడుగుతో నేను. పడమటి వాలులో రెండు బండల మధ్య ఊట ఉంది. వానాకాలంలో పారుతుందట. అప్పుడు మాత్రం అడుగున బురద నెర్రెలు విచ్చి ఉంది. అడవి పందులు నీళ్ల కోసం తవ్వి వదిలేసిన గుంట తప్ప ఏమీ లేదు. పరాంకుశం గారు ఆ గుంట అంచున కూర్చుండిపోయారు. కాసేపటికి తలెత్తకుండానే నన్ను అడిగారు.

“సలోమీ, మనం నీలగిరి కాగితాలే ఇక్కడా వాడామా?”

“వాడాం సార్.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నవంబరులో చెప్పాను సార్. నా సర్వీసు ఎన్నేళ్లని అడిగారు.”

కోప్పడతారనుకున్నాను. ఆయన ఆ గుంటనే చూస్తూ, “అవును, అడిగాను,” అన్నారు. ఆ తర్వాత ఒక నవ్వు వచ్చింది, సంతోషంగా ఏమీ లేదు గానీ నవ్వే. “టిఫిన్, కాఫీ, చల్ల. నాకు ఎండ చూపించడానికేనా ఇదంతా?” అన్నారు. నేను గొడుగు సరిచేశాను. అధికారి ప్రశ్నలన్నిటికీ జవాబు ఇవ్వాలని సర్వీసు నియమాల్లో లేదు.

తిరిగి తునికి చెట్టు కిందికి వచ్చాక ఆయన కుర్చీలో కూర్చుని, నా దగ్గర చీటీ అడిగి తీసుకున్నారు. మొక్క పేరు సరైనదే, సేకరణ స్థలం తప్పు, నీలగిరుల నమూనా ప్రెస్‌లో కలిసింది అని రాసి సంతకం చేశారు. తేదీ వేశారు. చెమట బొట్టు పడకుండా చీటీని అరచేత్తో కాచుకుంటూ రాశారు. అక్కడికక్కడే డీఎఫ్ఓకు లేఖ కూడా చెప్పి నాతో రాయించారు. పరిరక్షణ ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నాను, కారణం నా పొరపాటు. ‘పొరపాటు’ అన్న చోట నేను ‘సాంకేతిక లోపం’ అని రాశాను. ఆయన కొట్టేసి ‘నా పొరపాటు’ అనే రాయమన్నారు.

లేఖ అయిపోయాక ఆయన కన్ను పైనున్న కొమ్మ మీద పడింది. అప్పటికి తునికి నిండుగా పూసింది. ఒక పువ్వు కోసి, గోటితో చీల్చి భూతద్దంలో చూస్తూ కూర్చున్నారు. ఆ రోజుల్లో మొక్కల జన్యువులను పోల్చి కొత్త వర్గీకరణ ఒకటి వచ్చింది. పాత పద్ధతిలో తునికి కుటుంబం, ఎరికేసీ కుటుంబం వేర్వేరు క్రమాల్లో, అంటే కుటుంబాలకు పైవర్గాల్లో, ఉండేవి. కొత్త పద్ధతి రెండింటినీ ఒకే క్రమంలో చేర్చింది. ఆ పద్ధతి పేరెత్తితేనే ఆయన ఆఫీసులో మండిపడేవారు. యంత్రం చెప్పేదాన్ని వృక్షశాస్త్రం అనరు అనేవారు. ఆ మధ్యాహ్నం మాత్రం, “కుండ మూతి మాత్రం ఒకటే,” అని గొణిగారు. తర్వాత సమ్మక్క వైపు తిరిగి, మీ తునికి మా మొక్కకు దూరపు చుట్టం తెలుసా అన్నారు.

“ఆ చుట్టం ఇన్నేండ్లు రాకపోయినా మాకేం తక్కువ కాలేదు సారు,” అంది సమ్మక్క. “రానియ్యకండ్రి.”

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది పరాంకుశం గారే.

లేఖ అందిన కొద్ది రోజులకు కంచె ప్రతిపాదన ఆగిపోయింది. దిగిన స్తంభాలను ఏం చేయాలని యాదగిరి గారు పై ఆఫీసుకు రాస్తే జవాబు రాలేదు. జవాబు రాని సామానును ముట్టుకోకూడదన్నది ఆయన పద్ధతి. ఆ ఏడు ఆకు కోత ఆగకుండా సాగింది. మరుసటి ఫిబ్రవరిలో తునికి పొదలను మామూలుగానే నేలమట్టంగా కొట్టారు. కొట్టకపోతే కొత్త ఆకు మెత్తగా రాదు. తునికికి కంచె కంటే కొడవలే మేలు చేస్తుంది. పరాంకుశం గారు రిటైరయ్యే ముందు రెండు పేజీల వ్యాసం ఒకటి ప్రచురించారు. విషయం వాక్సినియం కాదు, ప్రెస్ కాగితాల వల్ల హెర్బేరియంలో జరిగే స్థల దోషాలు. ఉదాహరణగా తన షీటునే వాడుకున్నారు. నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఆ ఏడు ‘క్షేత్ర కార్యక్రమాల సమయపాలనలో మెరుగుదల అవసరం’ అని రాశారు. దానికి నేను అప్పీలు చేసుకోలేదు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నవి రెండు. కొమ్మకు చీటీ కోసిన చోటే కట్టాలి, మనసులో కట్టకూడదు. నా కింద పనిచేసిన వాళ్లెవరినీ ఈ విషయంలో నేను వదల్లేదు. రెండోది, పైఅధికారి తప్పును దిద్దవలసి వచ్చినప్పుడు మన తెలివి ఆయనకు చూపించి లాభం లేదు. ఆయనకు బాగా తెలిసిన విషయాన్ని, తప్పు జరిగిన చోట నిలబెట్టి, ఆయన నోటితోనే చెప్పించాలి. ఆయనలో నిజాయితీ ఉంటే మిగతా పని అదే చేస్తుంది. లేకపోతే ఎండ వృథా.

ఆ షీటు ఇప్పటికీ అల్మరాలో ఉంది. పాత లేబుల్ అలాగే ఉంది, పక్కన దాన్ని తప్పన్న చీటీ ఉంది. రెండింటి కింద ఉన్న సంతకం ఒకరిదే. నా సర్వీసులో వేల షీట్లు చూశాను, అరుదైనదని నేను పేరు పెట్టదగింది అదొక్కటే.